దారిలో బతికిన చేప వారం తర్వాత ఎందుకు చనిపోతుంది? అక్వేరియంతో ఇల్లు మారడం వెనక ఉన్న లెక్క

ఇల్లు మారేటప్పుడు చేపల విషయంలో అందరి టెన్షనూ దారి గురించే. బండి కుదుపులకు కవరు పగిలితే? మధ్యలో ఊపిరాడకపోతే? తీరా చూస్తే, చిన్న ప్రయాణాల్లో దారిలో పోయే చేపలు తక్కువ. కొత్త ఇంట్లో తొట్టి సర్ది, లైటు వేసి, చేపలు మామూలుగానే తిరుగుతున్నాయని మనసు కుదుటపడ్డాక, నాలుగో రోజో ఆరో రోజో అసలు కష్టం మొదలవుతుంది. ఒక్కొక్కటే నీటి పైకి చేరి నోరు తెరుస్తుంటాయి. తిండి వేసినా ముట్టవు. ప్రయాణం పడలేదేమో అని సరిపెట్టుకుంటాం.

నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను. ఐదేళ్లు పెంచిన ఏంజెల్ చేప ఇల్లు మారిన ఆరో రోజున పోయింది. ప్రయాణం గంటన్నరే. దారిలో దానికి ఏమీ కాలేదు. నా పొరపాటు అంతకు ముందురోజు సాయంత్రమే కుళాయి కింద జరిగిపోయింది. కొత్త ఇంటికి మురికి స్పాంజ్ ఎందుకని, ఫిల్టర్‌లోని స్పాంజ్‌ని తెల్లబడేదాకా పిండి కడిగాను. ఆ కడగడానికీ, వారం తర్వాత చేప పోవడానికీ ఉన్న సంబంధం అర్థమైతే, ఇల్లు మారడంలో మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయి.

తొట్టిలో కనిపించని కాపురం

చేప పగలూ రాత్రీ మొప్పల గుండా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. తిన్న ప్రోటీన్ అరిగాక మిగిలిన నైట్రోజన్‌ను ఒంట్లోంచి పంపేయడానికి దానికున్న ముఖ్యమైన దారి అది. పెద్ద చెరువులో ఆ కాస్త అమ్మోనియా ఎక్కడో కలిసిపోతుంది. నాలుగు అద్దాల మధ్య ఉన్న నీటిలో అది పోయే చోటు లేదు. అక్కడే పేరుకుని, వదిలిన చేప మొప్పలనే దెబ్బతీస్తుంది.

అలా జరగకుండా కాచేవి సూక్ష్మజీవులు. ఒక గుంపు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంకో గుంపు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ బాగా పేరుకుంటే తప్ప పెద్దగా హాని చేయదు. వారం వారం కొంత నీరు మార్చినప్పుడు అదీ తగ్గుతుంది. ఈ మొత్తం గొలుసే నైట్రోజన్ సైకిల్. కొత్త తొట్టిలో ఇది నిలదొక్కుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఎందుకంటే ఈ జీవులు నింపాదిగా పెరుగుతాయి. ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా అనువైన చోట 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి గంటలు, ఒక్కోసారి రోజు పైనే కావాలి.

ఇవి ఎవరన్నది శాస్త్రవేత్తలకు కూడా ఒక్కసారిగా తేలలేదు. నైట్రైట్ పని నైట్రోబ్యాక్టర్‌దని పాత పుస్తకాలు చెప్పేవి. 1998లో తిమోతీ హోవనెక్ బృందం మంచినీటి అక్వేరియంలను పరీక్షించి, ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా కోవకు చెందిన బ్యాక్టీరియా అని చూపింది. 2015లో ఇంకో సంగతి బయటపడింది. నైట్రోస్పైరాల్లో కొన్ని అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పనిని ఒక్కటే చేయగలవు. దాన్ని కనిపెట్టిన రెండు బృందాల్లో ఒకదానికి అవి దొరికింది చేపల పెంపకం నీటిని శుద్ధి చేసే ఫిల్టర్‌లోనే.

పేర్లు ఏవైనా ఇవన్నీ ఏదో ఒకదాన్ని పట్టుకుని బతుకుతాయి. తొట్టిలోని రాయిని తడిమితే చేతికి తగిలే జిగురు పొరే వాటి ఇల్లు. అద్దం మీద, గులకరాళ్ల మీద, చెక్క దుంగ మీద కూడా ఉంటాయి గానీ, నీరు ఎడతెగకుండా పారుతూ ఆక్సిజన్‌నూ అమ్మోనియానూ తెచ్చి ఇచ్చే ఫిల్టర్ స్పాంజ్‌లో, సిరామిక్ రింగుల్లో ఎక్కువ కిక్కిరిసి ఉంటాయి. అంటే ఇల్లు మారేటప్పుడు చేపల తర్వాత అంత జాగ్రత్తగా చేరవలసిన ప్రాణులు ఆ గోధుమ రంగు మురికిలో ఉన్నాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే, అది కలిపిందే ఇలాంటి జీవులను చంపడానికి. నేను చేసింది అదే.

స్పాంజ్‌కీ ఊపిరి కావాలి

కడగకపోతే చాలా? అక్కడ ఇంకో చిక్కుంది. ఈ జీవులకు ఆక్సిజన్ లేనిదే గడవదు. నీళ్లతో నిండిన క్యానిస్టర్ ఫిల్టర్‌ను (తొట్టి బయట ఉండే డబ్బా లాంటి ఫిల్టర్) మూత బిగించి అలాగే బండిలో పెడితే, లోపలి కొద్దిపాటి ఆక్సిజన్‌ను అవీ, వాటితో పాటు ఉన్న కుళ్లు తినే బ్యాక్టీరియా కలిసి కొద్ది గంటల్లో వాడేస్తాయి. ఆ తర్వాత చావు మొదలవుతుంది. అలాంటి ఫిల్టర్‌ను కొత్త ఇంట్లో నేరుగా ఆన్ చేస్తే, లోపల కుళ్లిన నీరంతా ఒక్కసారిగా చేపల మీద పడుతుంది.

ఎండిపోయినా అంతే సంగతులు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు స్పాంజ్‌ను, రింగులను ఫిల్టర్ నుంచి తీసి, తొట్టి నీళ్లే కొద్దిగా పోసిన వెడల్పాటి డబ్బాలో, పైన గాలి ఆడేలా తీసుకెళ్తారు. నీళ్లలో పూర్తిగా మునిగి కదలకుండా ఉన్న స్పాంజ్ కంటే, తడిగా ఉండి గాలి తగిలే స్పాంజ్ మేలు. ప్రయాణం పొడవైతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఆ డబ్బాలోకీ పెడతారు.

మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిది కొంచెం వేరే కథ. మొక్కలు అమ్మోనియాను నేరుగా పీల్చుకుంటాయి కాబట్టి అక్కడ ఫిల్టర్ దెబ్బతిన్నా కొంత ఆసరా ఉంటుంది.

నాలుగో రోజే ఎందుకు? ఒక చిన్న లెక్క

ఫిల్టర్‌లోని జీవులన్నీ చనిపోయిన తొట్టిని ఊహించుకుందాం. అందులో 90 లీటర్ల నీరు. రోజుకు 1 గ్రాము పొడి తిండి వేస్తున్నాం. తిండిలో 40 శాతం ప్రోటీన్ అనుకుంటే అది 0.4 గ్రాములు. ప్రోటీన్‌లో దాదాపు 16 శాతం నైట్రోజన్ కాబట్టి, 64 మిల్లీగ్రాములు. అందులో సగమే అమ్మోనియాగా నీటిలోకి వచ్చిందనుకున్నా 32 మిల్లీగ్రాముల నైట్రోజన్, అంటే సుమారు 39 మిల్లీగ్రాముల అమ్మోనియా. దాన్ని 90 లీటర్లకు పంచితే రోజుకు లీటరుకు 0.4 మిల్లీగ్రాములకు కాస్త పైన.

మొదటి రోజు 0.4. రెండో రోజు 0.8. ఐదో రోజుకు 2 దాటుతుంది. నీళ్లు అద్దంలా మెరుస్తూనే ఉంటాయి, వాసన రాదు, రంగు మారదు. అందుకే మనకు తెలియదు. చేప దారిలో బతికి ఇంటికొచ్చి పోవడానికి కారణం ఈ నెమ్మదైన కూడికే.

తిండి తగ్గిస్తే ఈ కూడిక నెమ్మదిస్తుందని లెక్కే చెబుతోంది. ప్రయాణానికి 24 నుంచి 48 గంటల ముందు తిండి ఆపడం, చేరాక కొన్నాళ్లు బాగా తక్కువ వేయడం అనే పాత అలవాటు వెనక ఉన్నది ఇదే. పాపం, ఆకలితో ఉంటాయేమో అని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ చేప ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి మనలా శక్తి ఖర్చు పెట్టదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోతే దానికి ఏమీ కాదు. అప్పుడే పుట్టిన పిల్లల సంగతి వేరు, అవి అంతసేపు ఆగలేవు.

అమ్మోనియా అంతే ఉన్నా విషం ముప్ఫై రెట్లు

ఇక్కడి నుంచి విషయం కొంచెం ముడిపడుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, ఇది చాలావరకు హాని చేయదు. రెండోది విడి అమ్మోనియా, మొప్పల గుండా లోపలికి చొరబడేది, చంపేది. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్ సాధారణంగా రెండింటినీ కలిపి చూపిస్తుంది. ఏది ఎంత అనేది పీహెచ్, ఉష్ణోగ్రత తేలుస్తాయి. పీహెచ్ అంటే నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం.

25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 6.5 ఉంటే మొత్తంలో విడి అమ్మోనియా 0.2 శాతం కూడా ఉండదు. పీహెచ్ 7 దగ్గర 0.6 శాతం లోపు. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం పైనే. మన ఐదో రోజు లెక్కకు దీన్ని వర్తింపజేస్తే, మొత్తం 2 మిల్లీగ్రాములున్న చోట పీహెచ్ 7 నీటిలో విడి అమ్మోనియా లీటరుకు 0.01 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. పీహెచ్ 8 నీటిలో 0.1 దాటుతుంది. 0.05 దాటితే మొప్పలు దెబ్బతింటాయన్నది చేపల వైద్యంలో తరచూ వాడే కొలమానం. అంటే ఒకే తిండి, ఒకే చేపలు, ఒకేలా దెబ్బతిన్న ఫిల్టర్ ఉన్నా ఒకరింట్లో ఏమీ కాదు, ఇంకొకరింట్లో తొట్టి ఖాళీ అవుతుంది. "మేమూ స్పాంజ్ కడిగాం, మా చేపలకు ఏమీ కాలేదే" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల నీరు వాళ్లను కాపాడింది.

పాత నీరు: తీసుకెళ్లాలనేవాళ్లు, పారబోయమనేవాళ్లు

అక్వేరియం పెంచేవాళ్లు దీని మీద వాదించుకోని రోజు లేదు. పాత నీటిలోనే మంచి బ్యాక్టీరియా అంతా ఉంది, చుక్క కూడా పోనివ్వకూడదని ఒకరు. నీటిలో ఏమీ లేదు, అది మోయడం దండగ అని ఇంకొకరు.

బ్యాక్టీరియా మాట వరకు చూస్తే రెండోవాళ్లదే నిజానికి దగ్గర. అవి జిగురు పొరలో అతుక్కుని ఉంటాయి, నీటిలో తేలేవి బహు స్వల్పం. అయితే పాత నీటికి ఇంకో గుణం ఉంది. చేపల ఒళ్లు ఆ నీటి ఉప్పదనానికి, గట్టిదనానికి, పీహెచ్‌కు అలవాటు పడి ఉంటుంది. కొత్త ఇంట్లో బోరు నీళ్లు, పాత ఇంట్లో కుళాయి నీళ్లు అయితే రెండింటి మధ్య ఎంత తేడా అయినా ఉండొచ్చు. ఒక్కసారిగా పూర్తిగా వేరే నీటిలో పడిన చేప, ఒంట్లోని లవణాలను సరిచూసుకోవడానికి చాలా కష్టపడాలి. ఈ లెక్కన మొదటివాళ్లు చెప్పే పనిలో మంచి ఉంది, దానికి అసలు కారణమే వేరు.

నీటిని వారం వారం మారుస్తూ బాగా చూసుకున్న తొట్టి, కొత్త ఇంట్లోనూ అదే రకం నీరు అయితే పాత నీరు పెద్దగా మోయనక్కర్లేదు. నెలల తరబడి నీరు మార్చని తొట్టికే ప్రమాదం ఎక్కువ. సూక్ష్మజీవులు అమ్మోనియాను మార్చే క్రమంలో నీటి క్షారతను, అంటే ఆమ్లాన్ని అడ్డుకునే గుణాన్ని, కొద్దికొద్దిగా తినేస్తాయి. అది అయిపోయాక పీహెచ్ 6 దాకా, ఇంకా కిందికి కూడా జారుతుంది. అంత ఆమ్లంలో ఆ జీవుల పనీ మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది, కానీ అమ్మోనియం రూపంలో ఉండటంతో చేపలు తట్టుకుంటాయి. ఇప్పుడు ఇల్లు మారి, పీహెచ్ 8 ఉన్న కొత్త నీటిని నిండా పోశామనుకోండి. గులకరాళ్లలో, మిగిలిన నీటిలో ఉన్న అమ్మోనియం ఆ పూటే విషంగా మారుతుంది. పీహెచ్ 6.5 నుంచి 8కి ఎక్కితే విడి అమ్మోనియా వాటా సుమారు 30 రెట్లు. శుభ్రమైన నీళ్లు పోయగానే చేపలు చచ్చాయని జనం ఆశ్చర్యపోయేది ఇలాంటి చోటే. ఇల్లు మారడానికి కొన్ని వారాల ముందు నుంచే కొంచెం కొంచెంగా నీరు మార్చుకుంటూ వచ్చిన తొట్టిలో ఈ గండం ఉండదు.

కొత్త ఇంటి నీటిలో క్లోరిన్ ఉంటే అది ఒక రోజు నిలవబెట్టినా, గాలి కొట్టినా పోతుంది, యాంటీ క్లోరిన్ చుక్కలతోనూ పోతుంది. కొన్ని చోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడేది) కలుపుతారు. అది నిలవబెట్టినంత మాత్రాన పోదు, విడగొట్టినప్పుడు కొంత అమ్మోనియాను వదులుతుంది కూడా. నీళ్లు ఒక రోజు పట్టి ఉంచామన్న ధైర్యం అన్ని ఊళ్లలో పనికిరాదు.

కవర్లో నీళ్లెక్కువా, గాలెక్కువా?

చేప కదా, నీళ్లెక్కువ ఉంటేనే సుఖమని కవరు నిండా నింపేవాళ్లు చాలామంది. మూడు లీటర్లు పట్టే కవరు తీసుకుందాం. ఒక లీటరు నీరు, రెండు లీటర్ల గాలి. 25 డిగ్రీల నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాముల చిల్లర. గాలిలో 21 శాతం ఆక్సిజన్ కాబట్టి రెండు లీటర్లలో 420 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 550 మిల్లీగ్రాములు. పైన ఉన్న గాలిలో, కింద ఉన్న నీటి కంటే 65 రెట్లకు పైగా ఆక్సిజన్! బండి కుదుపులకు నీరు ఊగుతూ ఉంటే ఆ ఆక్సిజన్ కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. కవరు నిండా నీళ్లు పోస్తే ఆ నిల్వనంతా మనమే బయట పారేసినట్టు. ఫైటర్, గౌరామి లాంటి చేపలైతే పైకొచ్చి నేరుగా గాలి పీల్చే రకం, వాటికి పైన ఖాళీ ఉండి తీరాలి.

కవరును చీకటిగా, థర్మోకోల్ పెట్టెలో ఉంచితే చేప నిమ్మళంగా ఉంటుంది. కదలిక తగ్గితే ఆక్సిజన్ వాడకమూ తగ్గుతుంది. నీటి వేడి కూడా త్వరగా మారదు. కోరిడోరస్ లాంటి ముళ్ల రెక్కల చేపలు కవరును గుచ్చేస్తాయి, వాటికి మూత ఉన్న డబ్బా నయం. పెద్ద చేపలకు బకెట్టే.

మెల్లగా అలవాటు చేయడమా, వెంటనే వదలడమా?

కవరును తొట్టిలో తేలనిచ్చి, కొత్త నీటిని గంటసేపు చుక్కచుక్కగా కలపాలని ఒక పద్ధతి. వేడి సమానం కాగానే చేపను వలతో తీసి వెంటనే వదిలేయాలని ఇంకో పద్ధతి. రెండింటికీ ఆధారం ఉంది.

చాలాసేపు మూసి ఉన్న కవర్లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గుతుంది. ఆ తగ్గుదలే కవర్లోని అమ్మోనియాను హాని లేని రూపంలో ఉంచుతుంది. కవరు విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది, అమ్మోనియా విషమవుతుంది. అప్పుడు ఆ నీటిలోనే గంటసేపు ఉంచడం చేపకు మేలు కాదు. రోజంతా, అంతకు మించి కవర్లో ఉన్న చేపల విషయంలో వెంటనే వదలడమే మంచిదనేవాళ్ల వాదన ఇది, దానిలో బలం ఉంది. అదే, గంటా రెండు గంటల ప్రయాణంలో, ముందే ఆకలితో ఉంచిన చేప కవర్లో అంత అమ్మోనియా చేరదు. అక్కడ రెండు నీళ్ల మధ్య తేడాయే పెద్ద సమస్య, కాబట్టి మెల్లగా కలపడం వల్ల లాభం ఉంటుంది. సగం పైగా పాత నీరే ఉన్న తొట్టిలోకి వెళ్తుంటే ఈ వాదనకే చోటు లేదు, వేడి సరిపోతే చాలు. ఇల్లు మారే వాళ్లలో ఎక్కువమందిది ఈ మూడో పరిస్థితే.

తొట్టిని నీళ్లతో ఎత్తితే

సగం నీళ్లు తీసేసి నలుగురం పట్టుకుంటే సరిపోదా అనిపిస్తుంది. 75 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టికి 6 మిల్లీమీటర్ల అద్దం అయితే అద్దం బరువే 17 కిలోల పైన. 40 సెంటీమీటర్ల దాకా నీరు 90 కిలోలు. 5 సెంటీమీటర్ల మందాన గులకరాళ్లు ఇంకో 17 కిలోల దాకా. సగం నీరు తీసినా ఇంకా 80 కిలోలు. బరువొక్కటే అయితే మోయవచ్చు. నలుగురి చేతులు ఒకే ఎత్తులో లేనప్పుడు తొట్టి కొద్దిగా మెలితిరుగుతుంది, అద్దం ఆ మెలికను ఓర్చదు. లోపలి నీరు అటూ ఇటూ ఊగి సిలికాన్ అతుకుల మీద పడుతుంది. అక్కడే పగలకపోవచ్చు. కొత్త ఇంట్లో నిండా నింపిన మూడో నాటి రాత్రి ఒక మూల నుంచి కారడం మొదలుపెట్టొచ్చు.

అడుగున గులకరాళ్లు ఉంచేయాలా తీయాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. వాటిలోనూ మన సూక్ష్మజీవులున్నాయి, కాబట్టి ఉంచాలనేవాళ్లది న్యాయమైన మాట. కానీ లోతైన ఇసుకలో ఏళ్లుగా కదలని చోట ఆక్సిజన్ ఉండదు, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. ప్రయాణంలో అది కదిలి, పేరుకున్న మురికితో కలిసి పైకొస్తే చేపలకు ప్రమాదం. పల్చగా, తరచు శుభ్రం చేసిన గులకరాళ్లను తొట్టిలోనే ఉంచినా పెద్ద తేడా రాదు. లోతైన పాత ఇసుకను తీసి, తొట్టి నీటితోనే కడిగి మళ్లీ వేసుకోవడం క్షేమం.

హీటర్ గురించి ఒక్క మాట. ఆపిన వెంటనే నీళ్లు తీసేస్తే వేడిగా ఉన్న దాని గాజు గొట్టం గాలి తగిలి పగలొచ్చు. ఒక అరగంట నీటిలోనే చల్లారాలి.

చేరాక మొదటి పది రోజులు

ఎంత జాగ్రత్తపడ్డా ఆ జీవుల్లో కొన్ని పోతాయి. మిగిలినవి మళ్లీ పెరిగేదాకా అమ్మోనియా కొద్దిగా కనిపించవచ్చు. అది మళ్లీ సున్నాకు దిగుతోందా, రోజురోజుకూ ఎక్కుతోందా అన్నదే చూడవలసింది. ఎక్కుతుంటే మూడో వంతో సగమో నీరు మార్చడం తప్ప నమ్మకమైన మార్గం లేదు, ఎందుకంటే అది లెక్క ప్రకారమే విషాన్ని అంత వాటా తగ్గిస్తుంది. నైట్రైట్ కనిపించినప్పుడు కొందరు కొంచెం ఉప్పు కలుపుతారు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు పోటీగా నిలబడి దాన్ని లోపలికి రానివ్వదు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రవాల మీద అభిప్రాయాలు రెండుగా ఉన్నాయి. సరైన జీవులు బతికి ఉన్న సీసా పనిచేస్తుంది. వేడిలో నిల్వ ఉండి అవి చచ్చిన సీసా పనిచేయదు. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే నడుస్తున్న ఇంకో తొట్టిలోని పాత స్పాంజ్ ముక్క దొరికితే నేను దాన్నే నమ్ముతాను.

ఏంజెల్ పోయిన మూడేళ్లకు మళ్లీ ఇల్లు మారాం. స్పాంజ్‌ను ముట్టుకోలేదు. తొట్టి నీళ్లు అడుగున కొద్దిగా పోసిన డబ్బాలో, మూత సగం తెరిచి, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. కొత్త ఇంట్లో మంచాల కంటే ముందు ఫిల్టర్ ఆన్ అయింది. మూడో రోజు టెస్ట్ కిట్‌లో అమ్మోనియా 0.25 చూపించింది. నాలుగో రోజూ అంతే. ఆరో రోజుకు సున్నా.